జతలేని చిలుక గుడ్డు పెట్టినప్పుడు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాల ఇళ్లలో ‘లవ్ బర్డ్స్’ అన్న పేరుతో పెరుగుతున్న పంజరపు పక్షులు చాలావరకు బడ్జెరిగార్ అనే చిన్న జాతి చిలుకలు. ఆస్ట్రేలియా నడిమి మెట్టనేలల్లో గుంపులుగా తిరిగే ఈ జాతి, జాన్ గూల్డ్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు 1840లో కొన్నింటిని ప్రాణాలతో ఇంగ్లండుకు చేర్చిన తరువాత, క్రమంగా ప్రపంచమంతటా పెంపుడు పక్షిగా స్థిరపడింది. ఒంటరిగా పెరుగుతున్న ఇటువంటి పక్షి ఒకనాడు పంజరం అడుగున తెల్లని గుడ్డు పెట్టి కనిపించినప్పుడు ఇంట్లోవారికి మొదట కలిగేది ఆశ్చర్యం, ఆ వెంటనే కలిగేది ఆందోళన. మగపక్షి లేనిదే గుడ్డు పడదన్న నమ్మకం ఆ ఆశ్చర్యానికి కారణం. కోళ్ల ఫారాల్లో పుంజుతో పొత్తే లేని పెట్టలు నిత్యం గుడ్లు పెడుతున్నాయి. అదే శరీరధర్మం చిలుకకూ వర్తిస్తుంది. మగపక్షి తోడు గుడ్డులో పిల్ల ఏర్పడటానికి కావాలి గాని, గుడ్డు తయారవడానికి అక్కరలేదు. అందువల్ల ఇది జబ్బూ కాదు, వింతా కాదు. అయితే ఆడపక్షి శరీరానికి ఇది పెద్ద శ్రమ గనుక ఇంట్లోవారి శ్రద్ధ గుడ్డు మీదికంటే ఎక్కువగా పక్షి మీదికి మళ్లాలి.

మొదటగా తేల్చుకోవలసినది పంజరంలో ఉన్నది ఏ పక్షి, ఎన్ని ఆడవి అన్న విషయం. పెరిగిన బడ్జెరిగార్‌లో ముక్కు రంధ్రాల చుట్టూ ఉండే మెత్తటి చర్మాన్ని సీర్ అంటారు. అది మగపక్షిలో సాధారణంగా నీలంగానూ, గుడ్లకు సిద్ధమైన ఆడపక్షిలో గోధుమ వర్ణంలో కొంత గరుకుగానూ ఉంటుంది. పిల్లదశలో రెండింటికీ గులాబీ, ఊదా ఛాయలే ఉండటం వల్ల దుకాణదారు కూడా పొరపడటం సహజం, కాబట్టి ‘మగది’ అని తెచ్చుకున్నది ఏడాది తిరిగేసరికి గుడ్డు పెట్టడం అరుదైన సంగతేమీ కాదు. ‘జత’ అని కొన్న రెండూ ఆడవే అయ్యే సందర్భాలూ ఉంటాయి; బడ్జెరిగార్ ఒక విడతలో 4 నుంచి 6 గుడ్లు, రోజు విడిచి రోజు పెడుతుంది గనుక, వరుస రోజుల్లో గుడ్లు కనబడుతూ వాటి సంఖ్య పదికి చేరుతుంటే రెండు పక్షులూ పెడుతున్నాయని అనుమానించాలి.

పంజరంలో ఉన్నది పచ్చని రామచిలుక అయితే విషయం వేరు. మెడచుట్టూ గులాబీ వలయం ఉన్నా లేకపోయినా, అది ఈ నేల అడవుల్లోనూ పొలాల్లోనూ చెట్టు తొర్రల్లో, పాత గోడల కన్నాల్లో గుడ్లు పెట్టి బతికే వన్యపక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దానిని పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. 2022 సవరణ తరువాత అది ఆ చట్టంలోని రెండవ షెడ్యూలులో ఉంది. అడవి పక్షుల గుడ్లను పాడుచేయడాన్నీ గూళ్లను కదిలించడాన్నీ సైతం ఈ చట్టం వేట కిందనే లెక్కిస్తుంది. అటువంటి పక్షి ఇంట్లో గుడ్డు పెట్టినప్పుడు పాటించవలసిన పద్ధతిని ఇంటివారు సొంతంగా నిర్ణయించుకోకుండా, ప్రొద్దుటూరులోని అటవీ శాఖ కార్యాలయానికి తెలియజేసి పక్షిని అప్పగించడమే సరైన మార్గం. ఈ అధ్యాయంలో ఇకపై చెప్పేదంతా బడ్జెరిగార్ గురించినది. కాకటీల్ పక్షికీ, అసలైన లవ్ బర్డ్ జాతికీ పొదిగే రోజుల లెక్క మారుతుంది గాని మూలసూత్రాలు ఇవే.

ఆడపక్షి శరీరం గుడ్డు పెట్టాలని ఎందుకు నిర్ణయించుకుంటుందో తెలిస్తే చేయవలసిన పనులు దాదాపు వాటంతట అవే స్పష్టమవుతాయి. ఈ జాతి పుట్టిన ఆస్ట్రేలియా ఎడారి అంచుల్లో వాన ఎప్పుడు పడుతుందో తెలియదు. పడిన వెంటనే గడ్డి మొలిచి గింజ పట్టే కొద్ది వారాల్లోనే పిల్లల్ని లేపుకోవాలి. అందుకే ఈ పక్షి నిర్ణీత రుతువు కోసం కాచుకోకుండా, ఆహారం సమృద్ధిగా ఉందనీ, తొర్ర దొరికిందనీ, తోడు ఉందనీ పరిసరాలు తెలిపిన క్షణాన సిద్ధపడేలా మలచబడింది. ఆ సంకేతాలు మెదడులోని హైపోథాలమస్ అనే భాగానికి చేరగా, అది పీయూష గ్రంథిని మేల్కొలుపుతుంది, ఆ గ్రంథి విడుదల చేసే హార్మోన్లు అండాశయాన్ని పెంచుతాయి. చాలా పక్షుల్లో మాదిరే దీనికీ ఎడమవైపు అండాశయం ఒక్కటే పనిచేస్తుంది. అక్కడ తయారైన పచ్చసొన అండవాహిక గుండా జారుతూ తెల్లసొననూ, చివర పెంకునూ తొడుక్కుంటుంది.

కడప జిల్లాలోని ఒక మామూలు ఇల్లు ఈ సంకేతాలన్నిటినీ తెలియకుండానే అందిస్తూ ఉంటుంది. ప్రొద్దుటూరు అక్షాంశంలో ఎండాకాలపు పగలు సుమారు 13 గంటలు, డిసెంబరు పగలు 11 గంటలకు కొద్దిగా పైన. ఈ తేడా స్వల్పం. కానీ హాల్లో వేలాడదీసిన పంజరం మీద రాత్రి పదకొండు దాకా ట్యూబులైటు, టీవీ వెలుగు పడుతుంటే ఆ పక్షికి సంవత్సరం పొడవునా పగలు 16, 17 గంటలు అవుతుంది. ప్రొద్దుటూరులో అమ్మవారిశాల దసరా ఉత్సవాల రోజుల్లో బజారు వీధుల ఇళ్లకు రాత్రంతా దీపాల వెలుగు తప్పదు గనుక ఆ పది రోజులైనా పంజరాన్ని లోపలి గదిలోకి మార్చడం మంచిది. వెలుగు తరువాత చెప్పుకోవలసినది కుండ. మనవైపు పంజరంలో చిన్న మట్టికుండ కట్టడం అలంకారంగానో, పక్షి పడుకోవడానికి చోటుగానో భావిస్తున్నారు; బడ్జెరిగార్ పడుకోవడానికి కొమ్మే చాలు, కుండ దానికి అచ్చంగా చెట్టుతొర్ర, అంటే గుడ్లు పెట్టే చోటు. అద్దం ముక్కలో కనబడే ప్రతిబింబాన్ని తోడుగా భావించడం, గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండటం, పొద్దుతిరుగుడు గింజలు, వేరుశనగ పలుకులు, పులివెందుల ప్రాంతంలో చవకగా దొరికే అరటిపండు ముక్కలు అడిగినంతా పెట్టడం, ముద్దుగా వీపు మీద నిమరడం కూడా ఇదే వరుసలోకి వస్తాయి. వీపు నిమరడాన్ని ఆడపక్షి మగపక్షి స్పర్శగా గ్రహిస్తుంది, కనుక మచ్చికైన పక్షిని తల, మెడ మీద మాత్రమే నిమరాలి. ప్రేమతో చేసే ఈ పనులే పక్షిని గుడ్లవైపు తోస్తున్నాయని ఇంటివారికి తెలియకపోవడం విచారకరం.

ఇక గుడ్డు పడిన రోజున చేయవలసినది. గుడ్డును వెంటనే తీసిపారేయడం చాలామందికి తోచే మొదటి ఉపాయం. అది దాదాపు ఎప్పుడూ పక్షికి నష్టమే చేస్తుంది, ఎందుకంటే పోయిన గుడ్డుకు బదులుగా ఆడపక్షి మరొకటి పెట్టే అవకాశం ఎక్కువ. గుడ్లను దాని వద్దే ఉంచి, విడత పూర్తిచేసి పొదగనిస్తే శరీరం ఉత్పత్తిని ఆపి పొదిగే స్థితికి మారుతుంది, అక్కడ దానికి విశ్రాంతి దొరుకుతుంది. గుడ్డు పంజరం కమ్మీల మీద దొర్లుతుంటే, లోతు తక్కువ గిన్నెలో కొద్దిగా శుభ్రమైన చెక్కపొట్టు పరిచి అందులోకి చేర్చాలి. కొత్తగా కుండ కట్టకూడదు, దూది వేయకూడదు. దూది పోగులు కాళ్లకు చుట్టుకొని రక్తప్రసరణను ఆపేస్తాయి. మనిషి చేయి తగిలితే పక్షి గుడ్డును వదిలేస్తుందన్న మాట నిజం కాదు గాని, గంటకోసారి తొంగిచూడటం మాత్రం దానిని కలవరపెడుతుంది. పొదిగే పక్షి రోజులో కొద్దిసార్లే లేచి తిని, నీళ్లు తాగి, చాలాసేపు బిగబట్టిన రెట్టను పెద్ద ముద్దగా వేస్తుంది. ఆ రెట్ట పరిమాణం, దుర్వాసన చూసి జబ్బు అనుకోనక్కరలేదు.

గుడ్డు పొదిగే కాలం సుమారు 18 రోజులు. చివరి గుడ్డు పడిన నాటినుంచి మూడు వారాలు గడిచినా పిల్ల రాకపోతే, లేదా అంతకుముందే పక్షి తనంతట ఆసక్తి కోల్పోయి లేచిపోతే, అప్పుడు గుడ్లను తీసివేయవచ్చు. మధ్యలో ఏదైనా గుడ్డు పగిలినా, వాసన వచ్చినా దానిని వెంటనే తొలగించాలి, ఎందుకంటే ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతపు వేడిలో ఫలదీకరణ లేని గుడ్డు త్వరగా కుళ్లుతుంది.

అదే పంజరంలో మగపక్షి కూడా ఉంటే గుడ్డులో పిల్ల ఉందా అన్న ప్రశ్న వస్తుంది. పొదగడం మొదలైన ఆరేడు రోజులకు, చీకటి గదిలో ఫోను టార్చి వెలుగును గుడ్డు వెనుక ఉంచి చూస్తే, ఫలించిన గుడ్డులో సన్నని ఎర్రటి రక్తనాళాల వల కనిపిస్తుంది. ఫలించనిది పసుపు ఛాయతో తేటగా ఉంటుంది. పిల్లలు వద్దనుకునేవారు ఆ నిర్ణయాన్ని అప్పటిదాకా ఆగకుండా గుడ్డు పడిన రోజునే తీసుకోవాలి. గుడ్డును తీసి గదిలో ఒక మూల పెడితే దానంతట అది ఆగిపోతుందన్న ఊహ ఈ జిల్లా ఎండాకాలంలో పనికిరాదు. పొదిగే పక్షి అందించే వేడి 37 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, మే నెలలో మిద్దె ఇంటి గది వేడి కూడా అంతే ఉండవచ్చు, కాబట్టి లోపలి పిండం సగం పెరిగి చనిపోయే అవకాశం ఉంది. తాజా గుడ్డును పది నిమిషాలు ఉడికించి, పూర్తిగా చల్లారాక తిరిగి పక్షి వద్దే పెట్టడం సరైన పద్ధతి. ఆ గుడ్డునే అది పొదుగుకుంటుంది, కొత్తది పెట్టాలన్న ప్రేరణ తగ్గుతుంది. పక్షుల దుకాణాల్లో దొరికే అదే పరిమాణపు ప్లాస్టిక్ గుడ్లను కూడా ఇలాగే వాడవచ్చు. పిల్లలు కావాలనుకునేవారు, అవి ఐదు వారాల వయసుకు గూడు వదులుతాయనీ, తోబుట్టువులను కలిపి ఉంచితే వాటిలో అవే జతకట్టే ప్రమాదం ఉందనీ ముందే గుర్తించి, ఒక్కొక్క పిల్లకు ఇల్లు చూసుకోవాలి.

ఆహారం విషయం మరికొంత వివరంగా చెప్పుకోవలసినది. బడ్జెరిగార్ బరువు 30 నుంచి 40 గ్రాములు, దాని గుడ్డు సుమారు రెండు గ్రాములు. అంటే ఒక్క గుడ్డులోనే శరీరపు బరువులో ఇరవయ్యో వంతు బయటికి పోతుంది, ఆరు గుడ్ల విడతలో దాదాపు మూడో వంతు. పెంకు దాదాపు పూర్తిగా కాల్షియం కార్బోనేటే. ఆ కాల్షియాన్ని ఆడపక్షి ముందుగా తన ఎముకల లోపలి బోలులో నిల్వ చేసుకొని, పెంకు కట్టే వేళ రక్తంలోకి విడుదల చేస్తుంది. నిల్వ చాలనప్పుడు పెంకు పలచబడుతుంది, కండరాలు బలహీనపడతాయి, గుడ్డును బయటికి నెట్టే శక్తి సన్నగిల్లుతుంది. పంజరపు పక్షులకు మనవైపు పెట్టే కొర్రలు, సజ్జలు, జొన్నలు శక్తినిస్తాయే గాని వాటిలో కాల్షియం చాలా తక్కువ. రాగుల్లో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉండగా జొన్నలో అందులో పదో వంతు కూడా లేదు, కాబట్టి గింజల మిశ్రమంలో రాగులు కలపడం తేలికైన మెరుగుదల; అయినా ఒక్క రాగులతో అవసరం తీరదు. కటిల్ ఫిష్ అనే సముద్రజీవి లోపలి తెల్లని ఎముకను మూలికల దుకాణాల్లో సముద్రఫేనం లేక సముద్రపు నురుగు అన్న పేరుతో అమ్ముతారు. ఏ మందూ కలపని ముక్కను కడిగి, ఆరబెట్టి పంజరం కమ్మీకి కడితే పక్షి తనకు కావలసినంత గీరి తింటుంది. కోడిగుడ్డు పెంకును బాగా ఉడికించి, ఆరబెట్టి, పొడిచేసి పెట్టినా మంచిదే. తాంబూలపు సున్నం, గోడల సున్నం మాత్రం నోటినీ గొంతునూ కాల్చేవి. వాటిని ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకూడదు. మునగాకు, కొత్తిమీర, క్యారెట్ తురుము కాల్షియంతో పాటు గింజల్లో దొరకని ఎ విటమినును సమకూరుస్తాయి. పాలకూరలోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని బంధించి వేస్తుంది, కనుక ఈ రోజుల్లో అది వద్దు.

తిన్న కాల్షియం శరీరానికి పట్టాలంటే డి విటమిను కావాలి. దానికి ఎండ తగలాలి, అదీ అద్దం అడ్డులేని ఎండ, ఎందుకంటే కిటికీ అద్దం ఆ విటమినును తయారుచేసే అతినీలలోహిత కిరణాలను ఆపేస్తుంది. ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య పంజరంలో సగం నీడ ఉండేలా చూసి కొద్దిసేపు బయట ఉంచడం, పిల్లులు, కాకులు రాకుండా మనిషి దగ్గర ఉండటం అవసరం.

గుడ్డు పెట్టే పక్షికి ఉండే ప్రాణాపాయం ఒకటే ముఖ్యమైనది, గుడ్డు అడ్డుపడటం. పూర్తిగా తయారైన గుడ్డు అండవాహికలోనో, రెట్ట, మూత్రం, గుడ్డు మూడూ బయటికి వచ్చే ఉమ్మడి ద్వారంలోనో చిక్కుకుపోవడాన్నే ఇలా అంటారు. పక్షి ఈకలు ఉబ్బించుకొని పంజరం అడుగున కూర్చోవడం, కాళ్లు ఎడంగా పెట్టి ముక్కడం, ఊపిరితో పాటు తోక పైకీ కిందికీ ఊగడం, ద్వారం దగ్గర వాపు, రెట్ట ఆగిపోవడం దీని లక్షణాలు. చిక్కిన గుడ్డు నాడులను నొక్కడం వల్ల ఒక కాలు చచ్చుబడినట్టు వేలాడవచ్చు. దానిని దెబ్బ తగిలిందని భావించి కట్టు కట్టడం వల్ల విలువైన గంటలు పోతాయి. ఈ లక్షణాలు ఒకటి రెండు గంటల్లో తగ్గకపోతే మరునాటి దాకా ఆగకూడదు. చిన్న పక్షి ఒక్కరోజులోనే చనిపోవచ్చు.

ఇక్కడ చల్లని దేశాల వారు రాసిన సలహాలను యథాతథంగా పాటించడం ప్రమాదకరం. గుడ్డు అడ్డుపడిన పక్షిని 29 నుంచి 32 డిగ్రీల వెచ్చదనంలో ఉంచమని వారు చెప్పే మాట సరైనదే, కానీ అది ఆ డిగ్రీల గురించిన మాట, బల్బు గురించినది కాదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో వేడి 20 డిగ్రీల దిగువకు జారినప్పుడు పంజరానికి బయట ఒక పక్కన 40 వాట్ల బల్బు వెలిగించి, రెండో పక్క చల్లగా వదిలితే పక్షి తనకు తగిన చోటు ఎంచుకుంటుంది. మే నెల మధ్యాహ్నం, పగలంతా కాగిన రాతిమిద్దె కింద గది 38 డిగ్రీలు ఉన్నప్పుడు అదే బల్బు దాని ప్రాణం తీస్తుంది. అప్పుడు కావలసింది వేడి కాదు, తేమ: పంజరం పక్కన తడిపిన గోనెపట్ట వేలాడదీయడం, లోతు తక్కువ పళ్లెంలో నీళ్లు పెట్టడం, గాలి ఆడే చీకటి గదిలో నిశ్శబ్దంగా ఉంచడం. వేడికి అలసిన పక్షి రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకొని నోరు తెరిచి రొప్పుతుంది, చలికో జబ్బుకో లోనైనది ఈకలు ఉబ్బించుకొని ముడుచుకుంటుంది. ఈ రెండు రూపాల తేడా గుర్తుపట్టడం వస్తే ఏ సహాయం చేయాలన్న సందేహం ఉండదు. గోడకు ఒక ఉష్ణమాపకం తగిలించుకోవడం అన్ని ఊహలకన్నా మేలు.

ద్వారం దగ్గర నూనె రాసి, వేళ్లతో నొక్కి గుడ్డును బయటికి తీయబోవడం ఇంట్లో ఎన్నడూ చేయకూడని పని. లోపల పెంకు పగిలితే ముక్కలు అండవాహికను చీల్చుతాయి, సొన కడుపులోకి కారి ప్రాణాంతకమైన వాపు తెస్తుంది. వైద్యుడైతే కాల్షియం, ద్రవాలు ఎక్కించి, అవసరమైతే ఎక్స్‌రే తీసి గుడ్డు ఎక్కడుందో చూసి, మత్తు ఇచ్చి తొలగించగలరు. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య కళాశాల ప్రొద్దుటూరులోనే ఉండటం ఈ మూడు పట్టణాల వారికి గొప్ప వసతి. జమ్మలమడుగు, పులివెందుల ప్రభుత్వ పశువైద్యశాలల్లో పని ఎక్కువగా గొర్రెలు, మేకలు, పశువులతోనే గనుక, పక్షిని చూడగలరా అన్నది గుడ్డు పడిన మొదటి రోజునే ఫోనులో అడిగి ఉంచుకోవాలి, అపాయం వచ్చిన రాత్రి వెదుక్కోవడం కుదరదు. పులివెందుల నుంచి ప్రొద్దుటూరుకు గంట దాటే ప్రయాణం. ఎండాకాలంలో తెల్లవారుజామున బయలుదేరి, గాలి రంధ్రాలున్న చిన్న అట్టపెట్టెలో గుడ్డ పరిచి, నేరుగా ఏసీ గాలి తగలకుండా తీసుకువెళ్లాలి. ఎన్ని గుడ్లు, ఏయే తేదీల్లో పెట్టింది, చివరి గుడ్డు ఎప్పుడు, ఏమి తింటోంది అన్న వివరాలు కాగితం మీద రాసి ఉంటే వైద్యుని పని సగం తేలికవుతుంది.

గుడ్లు తీసివేసిన తరువాతి నెల అసలు నివారణకు అనువైన కాలం. కుండ, అద్దం, పక్షి దూరి కూర్చునే గుడ్డసంచుల వంటివి తీసివేయాలి, పంజరాన్ని మరో గోడకు మార్చి కొమ్మల అమరిక కూడా మార్చాలి. సాయంత్రం ఆరు గంటల నుంచి మరునాటి ఉదయం ఎనిమిది దాకా చీకటి దొరికేలా రెండు మూడు వారాలు చూడాలి. ఎండాకాలంలో మందపాటి దుప్పటి కప్పితే ఊపిరాడదు, కాబట్టి గాలి ఆడే లోపలి గదికి మార్చడమే మంచిది. గిన్నె నింపి వదిలేయకుండా రోజుకు రెండు పూటలా కొలిచి పెట్టాలి, పొద్దుతిరుగుడు గింజలు, పలుకులు, ఉడికించిన గుడ్డు వంటి బలవర్ధకమైనవి మానాలి, ఆకుకూరలు మాత్రం కొనసాగించాలి. వంటింటి త్రాసు మీద వారానికోసారి తూచి బరువు రాసుకుంటే పక్షి కోలుకుంటున్నదీ లేనిదీ తెలుస్తుంది. ఇంతచేసినా ఏడాదిలో రెండు విడతలు దాటి గుడ్లు పెడుతున్నా, పెంకులేని మెత్తని గుడ్లు పెడుతున్నా అది ఇంటి మార్పులతో సరిపోయే దశ దాటినట్టు లెక్క. అప్పుడు అండాశయాన్ని కొంతకాలం నిద్రపుచ్చే హార్మోను చికిత్స గురించి పశువైద్యునితో మాట్లాడాలి, ఆ చికిత్స సాగుతున్నంతకాలం చీకటి, కొలత ఆహారం అలాగే కొనసాగాలి.